మా పెట్టెకు తాళం ఉంది

"లాక్ ఉందిగదమ్మా మన పెట్టెకు," అన్నాడు నాయన. అని, కంప్యూటరు పెట్టె ముందువైపు ఉన్న చిన్న తాళంచెవిని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పి చూపించాడు. ప్రమాదం ఉందని నాకు మొదటిసారి తెలిసింది ఆ క్షణంలోనే. నా చేతిలో నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకొచ్చిన రెండు కాగితాలున్నాయి. రెండో కాగితంలో, కిందినుంచి మూడో వరుసలో, లాక్ అనే మాట ఉంది. బోర్డుకు లాక్ లేకపోతే కంప్యూటరు వేగం పెంచే పని మొదలుపెట్టొద్దని అక్కడ రాసి ఉంది. నేను చదివి తెలుగులో చెప్పాను, నాయన తాళంచెవి తిప్పాడు, అది టిక్కుమంది.  ఆ కాగితంలో ఉన్న లాక్ ఈ లాక్ కాదేమో అనిపించింది. అనిపించిందంతే, నోరు తెరవలేదు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే.

ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి కారణం, నిన్న రజియా అక్క మా ఇంటికి రావడం. నేను పెళ్లయినప్పటినుంచి గిద్దలూరులో ఉంటున్నాను. అక్క కంభంలో ఉంటుంది. రెండూళ్లకూ మధ్య బస్సెక్కితే కునుకు తీసేంత దూరం కూడా లేదు, అయినా ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ ఆమె గడప తొక్కలేదు. మార్కాపురంలో మా చిన్ననాటి వీధిలో ఎవరినో అడిగి నా చిరునామా తెలుసుకుని, కూతురి పెళ్లి కార్డు ఇవ్వడానికి తనే వచ్చింది. మంచినీళ్లు తాగి, నా పిల్లలిద్దరినీ దగ్గరికి తీసుకుని, పోయినేడు చనిపోయిన మా నాయన గురించి మాట్లాడింది. "మీ నాయన ఉండుంటే నా బిడ్డ పెండ్లి వీడియో గూడా ఆయనతోనే తీపిచ్చేదాన్ని పాపా. నా పెండ్లిది కరెంటు మింగిపాయె. దీనిదన్నా దక్కేది," అంది. నేను టీలో చక్కెర సరిపోయిందా అని అడిగాను. ఆమె సరిపోయిందంది. కాసేపాగి మళ్లీ అదే అడిగాను. ఆమె వెళ్లిపోయాక ఏ పనీ చేతికి రాలేదు. పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

మా ఊరి పేరు చెబితే పలకలు గుర్తొచ్చే కాలంలో నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ గడప దాటనిచ్చేది కాదు. బయటే చొక్కా విప్పి దులిపి, బక్కెట్టు నీళ్లు కుమ్మరించుకుని, ముక్కు చీది, అప్పుడు లోపలికి రావాలి. చీదింది కూడా బూడిద రంగులో ఉండేది. ఎన్ని నీళ్లు పోసుకున్నా నాయన దగ్గర తడిరాయి వాసన వచ్చేది, నాకది ఇష్టంగా ఉండేది. ఆ దుమ్మే ఛాతీలో చేరింది. ఇంక ఆ పని వద్దని డాక్టరు చెప్పినప్పటికి, పలకలు కొనే బడులు కూడా తగ్గిపోయాయి. నాయన కొన్నాళ్లు దోర్నాల వైపు ఒక వీడియో ఆయన వెంట తిరిగాడు. శ్రీశైలం యాత్రికులవీ, పెళ్లిళ్లవీ తీసేటప్పుడు లైటు పట్టుకోవడం ఆయన పని. లైటు పట్టుకుంటూనే కెమెరా నేర్చుకుని, తర్వాత మా ముందుగదికి ఒక పరదా కట్టి స్టూడియో అన్నాడు. చివరగా ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు వచ్చింది.

అది వచ్చాక మా ఇంటి దినచర్య అంతా దాని చుట్టూ తిరిగింది. కెమెరా క్యాసెట్టు మీద ఉన్న పెళ్లిని కంప్యూటర్లోకి ఎక్కించి, కత్తిరించి, పేర్లూ పూలూ పాటలూ కలిపి, ఆఖరున మొత్తాన్ని ఒకే ఫైలుగా తయారు చేయమని దానికి అప్పగించాలి. ఆ ఆఖరి పనికి అది గంటలు తీసుకునేది. మధ్యలో ఆగితే మళ్లీ మొదటినుంచి చేయాలి. ఆ ఎండాకాలం మా వీధికి పగలు పదినుంచి రెండింటిదాకా మాత్రమే కరెంటు. రాత్రి ఉండేది గానీ, పొలాల్లో మోటార్లన్నీ అప్పుడే వేసేవాళ్లు, ఓల్టేజీ పడిపోయి స్టెబిలైజరు టకటకా కొట్టుకుని కంప్యూటరును ఆపేసేది. పక్కనున్న బ్యాటరీ పెట్టె పది నిమిషాలకు మించి మోయదు. అందుకని పది కొట్టేసరికి ఇంట్లో అందరం సిద్ధంగా ఉండాలి. అమ్మ గ్రైండరు వేయకూడదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను దానికే. పెట్టెకు పక్క రేకు విప్పేసి, ఫ్యాను దాని పొట్టకు ఎదురుగా పెట్టి, కిటికీకి తడి గోనెపట్టా కట్టేవాడు నాయన. మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, గడపలో కూర్చుని తాటాకు విసనకర్ర ఆడిస్తూ, "దానికేమో ఫ్యాను, నాకేమో ఈ మట్ట. కొత్తకోడల్ని గూడా ఇట్ల చూసుకోలా మీ ఇంట్లో," అనేది. నాయన నవ్వేవాడు. మధ్యమధ్యలో చెయ్యి వెనక్కి తిప్పి, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు, పెట్టె లోపల ఇనుము మీద ఆనించి చూసేవాడు. ఆయన గోడకు ఒక పలక వేలాడదీసుకున్నాడు. ఏ పెళ్లికి ఎంతసేపు పడుతుందో దాని మీద బలపంతో రాసుకునేవాడు. కాగితం మీద రాయడం ఆయనకు చివరిదాకా అలవాటు కాలేదు.

రజియా అక్క వాళ్ల నాన్న దస్తగిరి మామ మా వీధి మొదట్లో దర్జీ. వీధిలో పిల్లలందరి యూనిఫారాలూ ఆయనే కుట్టేవాడు. కొలతలు రాసుకునేవాడు కాదు. టేపు తీసి, అంకె గాల్లోకి చెప్పి, మరిచిపోకుండా వారం తర్వాత సరిగ్గా కుట్టి ఇచ్చేవాడు. నన్ను "ఏం మేడమూ, ఈసారన్నా పొడుగైతావా?" అని అడిగేవాడు. ఆయనకొక అలవాటు ఉండేది. దుకాణం ముందునుంచి పోయేవాళ్ల బట్టల మీద ఎక్కడైనా దారప్పోగు వేలాడుతుంటే ఊరుకోలేడు. పిలిచి, దగ్గరికి రమ్మని, పళ్లతో కొరికి తెంపేవాడు. పెద్దవాళ్లనీ వదిలేవాడు కాదు. మా హెడ్‌మాస్టరుగారి చొక్కా దారం ఆయన నడివీధిలో కొరకడం నేను కళ్లారా చూశాను.

రజియా అక్క పెళ్లి నాయనే తీశాడు. రెండు క్యాసెట్లు. క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు పెళ్లి ఎంతసేపు జరిగిందో అంతసేపూ అది తెర మీద ఆడుతుంది. మధ్యలో బొమ్మ తెగిందేమో కనిపెట్టుకుని ఒకరు కూర్చోవాలి. సెలవుల్లో ఆ పని నాది. అలా నేను ఆ పెళ్లిని మొదటినుంచి చివరిదాకా చూశాను. చివర అప్పగింతలు. ఇంటి ముందు సుమో, తెరిచిన తలుపు, ముసుగులో తల వంచుకుని ఏడుస్తున్న అక్క. జనాన్ని తప్పించుకుంటూ దస్తగిరి మామ వస్తాడు. కూతురితో ఏదో చెబుతాడని చుట్టూ ఉన్నవాళ్లంతా కాస్త వెనక్కి జరుగుతారు. ఆయన ఏమీ చెప్పడు. అక్క కుడిచెయ్యి పట్టుకుని మణికట్టు పైకెత్తి చూస్తాడు. చేతి అంచుకు కుట్టిన జరీలోంచి ఒక పోగు వేలాడుతోంది. వంగి దాన్ని కొరుకుతాడు. నోట్లోంచి తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాత సూటిగా కెమెరా వైపు, అంటే మా నాయన వైపు చూసి, ఇంక చాలు ఆపమన్నట్టు చెయ్యి ఊపుతాడు. బొమ్మ అక్కడితో అయిపోతుంది. నేను నవ్వు ఆపుకోలేక, అమ్మను ఒకసారి వచ్చి చూడమని కేకేశాను. అమ్మ పిండి చేతులతో రాలేనంది.

పెళ్లయిన మూడో వారంలో దస్తగిరి మామ మిషను ముందు కూర్చుని ఉండగానే చనిపోయాడు. అప్పటికే ఆ రెండు క్యాసెట్ల మీద నాయన తర్లుపాడులో ఒక గృహప్రవేశం తీసేశాడు. అందులో తప్పేమీ లేదు, కంప్యూటర్లోకి ఎక్కిన క్యాసెట్టును మళ్లీ వాడుకోవడం ఆ పనిలో ఉన్న అందరూ చేసేదే. కాకపోతే ఆ పెళ్లి అప్పటినుంచి లోకంలో ఒక్కచోటే ఉంది, మా ముందుగదిలో ఉన్న పెట్టెలో.

ఆయన పోయిన నలభయ్యో రోజు దగ్గర పడుతుండగా రజియా అక్క మా ఇంటికొచ్చింది. వాళ్లమ్మ భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, నాలుగు నెలల పైన ఇల్లు కదలకూడదు. నలభై కాగానే అక్కను అత్తగారు కంభం తీసుకుపోతారు. ఆలోపు వీడియో ఇవ్వగలవా అని నాయన్ని అడిగింది.  తర్వాత నెమ్మదిగా అంది. "మామా, అప్పగింతలప్పుడు మా అబ్బ నా దారం కొరికినాడంట గదా. మా అత్త చెప్పింది. నేను ఏడుస్తా ఉంటి, నాకు తెలీనే లేదు. చెయ్యి పట్టుకున్యాడని గూడా తెలీదు. అది పడిందా వీడియోలో?"

"పడిందమ్మా," అన్నాడు నాయన. "నేనే తీసినా. బాగా పడింది."

"ఒక్కసారి చూస్తా అదైతే. అమ్మకు గూడా చూపిస్తా."

అప్పుడే వేసి చూపించి ఉండాల్సింది. ఈ మాట నేను కొన్ని వందలసార్లు అనుకున్నాను. కానీ అది సాయంత్రం, కరెంటు లేదు. పైగా నాయన తన పని సగంలో ఎవరికీ చూపించేవాడు కాదు. అన్నీ కలిపి, పూర్తిగా, డిస్కు మీద పేరు రాసి చేతిలో పెట్టాలి. దర్జీ చేతిపట్టీ కుట్టకుండా చొక్కా ఇయ్యడు, నేనూ అంతే అనేవాడు.

పలక మీద లెక్క ఇలా ఉంది. కరెంటు నాలుగు గంటలు. దస్తగిరి మామ ఇంటి పెళ్లికి నాలుగు గంటల ఇరవై నిమిషాలు. బ్యాటరీ పది నిమిషాలు. మిగిలిన పది నిమిషాలకు దారి లేదు. నాయన రెండుసార్లు ప్రయత్నించాడు, రెండుసార్లూ చివరి అంగలో ఆగిపోయింది. రెండు ముక్కలుగా చేసి అతికిస్తే, అతుకు తర్వాత పెదవులు ఒకటీ మాట ఒకటీ అయ్యాయి. దస్తగిరి మామ నోరు కదిలిన కాసేపటికి గొంతు వినిపిస్తోంది. నాయన అది చూసి వెంటనే ఆపేశాడు. "చచ్చిపోయినాయన్ని అట్ల చూపిస్తామా?" అన్నాడు.

ప్రాసెసరును దానికి పెట్టిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తించొచ్చని, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని ఒంగోలులో డిస్కులు కొనే చోట ఎవరో ఒకసారి నాయనతో అన్నారు. కంప్యూటరు వేసేటప్పుడు ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుంది, అందులో అంకెలు మార్చాలన్నారు. మేమిద్దరం నొక్కి చూశాం. మా కంప్యూటరు లోపలి బోర్డు చవకది. నీలం తెరలో తేదీ మార్చుకోవచ్చు, టైము మార్చుకోవచ్చు, ఏ డిస్కునుంచి మొదలవ్వాలో చెప్పొచ్చు, అంతే. వేగం సంగతి ఎక్కడా లేదు. నాయన బోర్డు మీద అచ్చువేసి ఉన్న పేరూ నంబరూ నాచేత రాయించి, బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌కు పంపించాడు. అక్కడ నాకు దొరికాయి ఆ రెండు కాగితాలు. అలాంటి బోర్డే ఉన్న ఎవరో రాసింది. నీలం తెరలో లేకపోయినా ఫరవాలేదు, ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, దాన్ని వేసుకుంటే తెర మీద ఒక గీత, గీత మీద ఒక మీట వస్తాయి. మీటను కుడికి జరిపితే వేగం పెరుగుతుంది.

చాప మీద కూర్చుని ఒక్కో వరుసా చదివి నాయనకు చెప్పాను. బస్సు స్పీడు పెంచాలంట నాయనా అన్నాను. ఏ బస్సు అన్నాడు. పెట్టె లోపల ఉండేదంట, కాగితంలో బస్ అనే ఉంది అన్నాను. "మరి కండక్టరెవరో గూడా చూడు, మనకు చిల్లర ఇయ్యాల," అని నవ్వాడు నాయన, నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు తగ్గలేదు. ఆ నవ్వు కోసమే అయినా నాకు అన్నీ వచ్చినట్టు చెప్పాలనిపించింది. అప్పుడు వచ్చింది లాక్ వరుస. ఆ వరుసలో ఇంకో మాట కూడా ఉంది. లాక్ లేకపోతే హార్డ్ డిస్కులో ఉన్నది కరప్ట్ అవుతుందని. కరప్షన్ అంటే లంచగొండితనం అని మాకు సోషల్‌లో పాఠం ఉండేది. డిస్కు లంచం ఎలా తింటుందో అర్థం కాలేదు. లోపలికి వెళ్లి డిక్షనరీ తీసి చూశాను. లంచం తరవాత, కామా పెట్టి, చెడిపోయిన అని ఉంది. డిక్షనరీ మూసి మళ్లీ వచ్చి కూర్చున్నాను. చెడిపోయిన అనే మాట నాయనకు చెప్పలేదు. లాక్ ఉండాలంట అని మాత్రం చెప్పాను. నాయన తాళంచెవి తిప్పాడు.

ఎందుకు ఊరుకున్నానో ఇప్పుడు నిజాయితీగా రాయాలి. నాకు తెలియదు అంటే, నాయన ఆ కాగితాలు ఇంకొకరి దగ్గరికి తీసుకుపోతాడు. ఆ మాట నాకు రాదని ఇంట్లో తెలుస్తుంది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను గానీ దొరకలేదు.

మర్నాడు పదింటికి కరెంటు రాగానే, నెట్ సెంటర్‌నుంచి తెచ్చుకున్న ఆ ప్రోగ్రాం వేసి, నాయన మీట జరపడం మొదలుపెట్టాడు. నూట ముప్పై మూడు దగ్గర ఉంది. కొంచెం జరిపి, ఆగి, చెయ్యి తిప్పి వేడి చూసి, మళ్లీ కొంచెం. నూట నలభై. నూట నలభై ఐదు. నూట నలభై ఎనిమిది దగ్గర ఇంక చాలన్నాడు. పని మొదలుపెట్టాడు. ఇంకా ఎంతసేపని తెర మీద అది చూపించిన అంకె నాలుగు గంటల లోపు ఉంది. నాయన ముఖం వెలగడం చూశాను. అమ్మను పిలిచి చూపించాడు. జేజి గడపలోంచి, అయితే రేపటినుంచి ఫ్యాను నాకిస్తావా అంది.

మూడున్నర గంటలపాటు అంతా బాగుంది. నాయన అన్నం కూడా అక్కడే తిన్నాడు. తెర మూలలో చిన్న చదరంలో పెళ్లి గబగబా సాగుతోంది, నిఖా, భోజనాలు, ఫోటోలు. నేను నా అనుమానం సంగతి మరిచిపోయాను. సుమో తలుపు తెరుచుకుంది. దస్తగిరి మామ జనంలోంచి వస్తున్నాడు. అప్పుడు ఆయన భుజం దగ్గర ఆకుపచ్చ గళ్లు పుట్టాయి. గళ్లు ముఖం మీదికి పాకాయి. లోపల డిస్కు గోరుతో రాయిని గీకినట్టు ఒక చప్పుడు చేసింది, మళ్లీ చేసింది, తెరంతా నీలమైపోయింది.

నాయన కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. నల్లతెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. డిస్కును సరిచేస్తున్నాం, వద్దనుకుంటే ఏదైనా ఒక మీట నొక్కండి అని ఉంది. నేను అది చదివి, దాని అర్థం ఇదని తేల్చుకునేలోపు పది లెక్కపెట్టడం అయిపోయి, అక్షరాలు వరుసలు వరుసలుగా పైకి పరిగెత్తడం మొదలైంది. అది సరిచేయడమంటే విరిగినవాటిని పారేయడమని తర్వాత తెలిసింది. కంప్యూటరు తెరుచుకున్నాక చూస్తే, నిఖా ఉన్న ఇరవై నిమిషాల ముక్క ఒకటి మిగిలింది. మిగతాదంతా పేర్లు కూడా లేని పొడి. ఆ రోజు రెండు గంటలదాకా కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు.

నాయన డిస్కు విప్పి, గుడ్డలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని ఒంగోలు బస్సెక్కాడు. అక్కడి మెకానిక్కు బోర్డు నంబరు అడిగి, "లాక్ లేని బోర్డు మీద ఎవరు పెంచమన్నారండీ మిమ్మల్ని?" అన్నాడు. నాయన తాళంచెవి సంగతి చెప్పాడు. అతను నవ్వలేదు. అది అతని మంచితనం. లోపల ప్రాసెసరూ, డిస్కూ, అన్నీ ఒకే గడియారం కొట్టే దెబ్బకు అడుగేస్తాయనీ, మంచి బోర్డుల్లో డిస్కు నడక మారకుండా బిగించి ఉంచుతారనీ, దాన్నే లాక్ అంటారనీ, మా బోర్డులో అది లేదనీ చెప్పాడు. ప్రాసెసరు తట్టుకుంది, డిస్కు ఆ పరుగు తట్టుకోలేక అడుగు తప్పింది, పోయింది ఇంక తిరిగి రాదన్నాడు. తెలుగులో బీగాన్నీ, పాటకు వేసే దెబ్బనూ తాళమనే అంటామని నాకు చాలా ఏళ్ల తర్వాత తోచింది. అప్పుడు మాత్రం నేను బల్ల కింద నాయన చెప్పులకేసి చూస్తూ కూర్చున్నాను.

ఆ ఇరవై నిమిషాలూ అక్కడే ఒక సీడీ డిస్కు మీద వేయించుకుని, మరునాడు పొద్దున్నే పేరు రాసి, ఇద్దరం దస్తగిరి మామ ఇంటికి వెళ్లాం. దస్తగిరి మామ భార్య, మా అత్త, లోపలిగదిలో పరదా వెనక ఉంది. రజియా అక్క ఎదురొచ్చింది. నిజం చెబుతాడనే నేను అనుకున్నాను. నాయన డిస్కు అక్క చేతిలో పెట్టి, "పనిలో ఉండంగా కరెంటు పోయిందమ్మా. అప్పగింతలు పోయినాయి. ఇది మిగిలింది," అన్నాడు.

అక్క డిస్కును అటూ ఇటూ తిప్పి చూసింది. దాంట్లో అబ్బ ఉన్నాడా అని అడిగింది. నిఖాలో పక్కగా కూర్చుని ఉన్నాడు, వీపు కనిపిస్తుంది అన్నాడు నాయన.  పరదా వెనకనుంచి అత్త గొంతు వచ్చింది. "కరెంటుకు నువ్వేం చేస్తావన్నా. బాధ పెట్టుకోవాకు. పాపకు టీ పోయవే రజియా." ఆ టీ నేను తాగాను. నాయన కూడా తాగాడు.

తిరిగొస్తూ నాయన దర్జీ దుకాణం దాటాక ఆగాడు. "లాక్ అంటే ఏందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. నీ పేరు దీంట్లోకి రాకూడదు. ఇంక ఈ మాట వద్దు," అన్నాడు. నేను తల ఊపాను. నన్ను కాపాడడానికే ఆయన అబద్ధమాడాడు. నాకు అనుమానం వచ్చిందనీ, డిక్షనరీ చూశాననీ, చెడిపోయిన అనే మాట చదివి దాచాననీ ఆయనకు తెలియదు. చెప్పడానికి ఆ తర్వాత ఎన్నో రోజులున్నాయి. డిగ్రీ చదివించాడు, పెళ్లి చేశాడు, నా ఇద్దరు కాన్పులకూ ఆసుపత్రి బయట బెంచీ మీద దగ్గుతూ కూర్చున్నాడు. చెప్పలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ కరెంటు మాట ఆయనది, దాన్ని నేను కదిలిస్తే ఆయన అబద్ధీకుడవుతాడు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అది కూడా నాకు వీలైన సాకే అనిపిస్తోంది.

నేను భయస్తురాలినైన తల్లినని మా ఆయన అంటాడు. పిల్లల ఫోటోలు మూడుచోట్ల దాస్తాను. ఫోను కాస్త వేడెక్కితే పక్కన పెట్టేస్తాను. మొన్న మా అమ్మాయి వాళ్ల నాన్నమ్మకు మాత్రల అట్ట మీది ఇంగ్లీషు చదివి చెబుతుంటే, వెనక నిలబడి ప్రతి మాటా నేను మళ్లీ చదివాను. నీకు నా మీద నమ్మకం లేదా అని అది అలిగింది. ఈ కాలంలో ఏదీ ఒక్కచోట ఉండదు. మా అబ్బాయి అన్నం తినడం కూడా నా ఫోనులో పదిసార్లు ఉంది, ఒక్కటీ రెండోసారి చూడలేదు. నాయనవీ ఉన్నాయి, ఎక్కువ మంచం మీదివే. అన్ని వందల పెళ్లిళ్లు తీసిన మనిషి వాటిలో ఒక్కదాంట్లోనూ లేడు, కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది కదా. అప్పుడు మా వీధిలో ఒక మనిషి కదలడం, మాట్లాడడం మిగలాలంటే ఒక క్యాసెట్టు, ఒక పెట్టె, నాలుగు గంటల కరెంటు. ఇప్పుడు దాచుకోవడం ఇంత తేలికయ్యాక మనం ఏం దాచుకుంటున్నామో నాకు తెలియడం లేదు.

ఇక్కడిదాకా రాశాక ఒక సంగతి నాకు కొత్తగా తెలిసింది. ఆ అప్పగింతలు చూసినవాళ్లలో కంటినిండా చూసినవాళ్లం ఇద్దరమే, కెమెరాలోంచి నాయన, తెర మీద నేను. అక్క అత్తగారు జనం వెనకనుంచి చూసి చెప్పింది, ఆమె పోయి చాలాకాలమైంది. నాయనా పోయాడు. తండ్రి జేబులో పోగు వేసుకున్న సంగతి రజియా అక్కకు ఎవరూ చెప్పలేదు. అప్పగింతల మాట వస్తే మిగతాది ఎక్కడ బయటపడుతుందోనని నేను ఇన్నేళ్లూ ఆమెను తప్పించుకుని తిరిగాను. ఆ భయంతో ఆమెకు చెందిన దాన్ని కూడా నా దగ్గరే పెట్టుకున్నాను. నిన్న నా ఇంట్లో నా ఎదురుగా కూర్చుని టీ తాగి వెళ్లినా ఇవ్వలేదు.

తెల్లవారాక పిల్లల్ని లేపి, ఈరోజు బడి వద్దు, కంభం పోదామన్నాను. పెళ్లి ఇంకా ఉందిగా అంది అమ్మాయి. పెళ్లికి మళ్లీ పోదాం, ఈరోజు వేరే పని ఉందన్నాను. ఏం పనని ఇద్దరూ మంచం మీద లేచి కూర్చున్నారు. జడ వేస్తూ వాళ్లకు అర్థమయ్యేంత చెప్పాను.

"చిన్నప్పుడు రజియా పెద్దమ్మ వస్తువొకటి నావల్ల పాడైంది. తప్పు నాదని చెప్పకుండా ఊరుకున్నా. ఈరోజు చెప్తా."

"పెద్దమ్మ తిడతదా?" అన్నాడు అబ్బాయి.

"తిట్టొచ్చు. ఏడవొచ్చు. మీరు అడ్డం మాట్లాడొద్దు, నన్ను లాక్కొని బయటికి రావొద్దు. ఆమె అనాల్సిందంతా అననియ్యండి. అదంతా అయినంక వాళ్లబ్బ గురించి నేనొకటి చెప్పాల. అది చెప్పేదాకా మనం ఆ ఇంట్లోనే కూర్చోవాల."